ఉచిత కరెంటు: పలక మీద ఎవరూ వెయ్యని లెక్క

మొన్నొక రోజు ఆఫీసు క్యాబ్‌లో ఇంటికొస్తుంటే కరెంటు మీద చర్చ మొదలైంది. మారతహళ్ళి దగ్గర ట్రాఫిక్ కదలదు కదా, చర్చలకేం తక్కువ. మా టీమ్‌లో ఒకాయన (తెలుగువాడే, మంచివాడే) "మీ ఊళ్ళల్లో రైతులకి కరెంటు ఫ్రీ, దానికి టాక్సులు కట్టేది మాత్రం మనం" అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. నేనేమీ అనలేదు. అనడానికేం లేక కాదు, నా దిగే స్టాపు వచ్చేసింది. ఆ రోజు క్యాబ్‌లో చెప్పలేకపోయింది ఈ టపాలో రాస్తున్నా.

ముందొక చిన్న విషయం. ఆయన బెంగుళూరులో అద్దెకుంటాడు, నాలాగే. కర్ణాటకలో 2023లో గృహజ్యోతి పథకం వచ్చింది. ఇంటికి నెలకి 200 యూనిట్ల లోపు వాడితే, వెనకటి సగటు వాడకం మీద పది శాతం దాకా ఎక్కువైనా, బిల్లు సున్నా. అద్దెకుండేవాళ్ళకి కూడా వర్తిస్తుంది. మా ఇంటికి సున్నా బిల్లే వస్తుంది, ఆయనింటికీ అంతే. అంటే ఫ్రీ కరెంటు మీద క్లాసు పీకిన మనిషికి వచ్చేది కూడా ఫ్రీ కరెంటే :-) ఇది ఆయన్ని ఎగతాళి చెయ్యడానికి రాయట్లేదు. మన సబ్సిడీ మనకి కనపడదు, పక్కవాడిది కనపడుతుంది. నా బాధ అంతా ఈ "కనపడకపోవడం" గురించే.

మాది తర్లుపాడు. మార్కాపురం పక్కన. ఊరికెళ్ళాలంటే బెంగుళూరులో ప్రశాంతి ఎక్కుతాను. నంద్యాల, గిద్దలూరు, కంభం దాటాక మా ఊరి స్టేషన్ వస్తుంది, బండి ఆగదు. ఊరు కళ్ళముందే వెనక్కి పోతుంటే చూస్తూ మార్కాపురం రోడ్‌లో దిగి మళ్ళీ వెనక్కి రావాలి. ఈ రైలు టికెట్ మీద చాలా ఏళ్ళుగా ఒక వాక్యం అచ్చేస్తున్నారు, మీరూ చూసే ఉంటారు: ప్రయాణానికయ్యే ఖర్చులో రైల్వేకి సగటున తిరిగొచ్చేది 57 శాతమేనని. మొదట్లో నాకు అది చదివితే ఒళ్ళు మండేది, టికెట్ కొన్నా దెప్పుతున్నారేంటి అని. తర్వాత ఆలోచిస్తే, ఈ దేశంలో సబ్సిడీ తీసుకునేవాడి చేతిలో లెక్క పెట్టే కాగితాలు చాలా తక్కువ అనిపించింది.

మరి ఆ మిగతా 43 శాతం ఎవరు కడుతున్నారు? చాలావరకు సరుకు రవాణా. రైల్వే మోసే సరుకులో సగానికి దగ్గర బొగ్గే. ప్యాసింజర్ల నష్టం పూడ్చుకోవడానికి సరుకు మీద రేట్లు ఎక్కువ పెడతారన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆ బొగ్గు థర్మల్ స్టేషన్‌కి వెళ్తుంది, ఆ ఛార్జీ కరెంటు ధరలో కలుస్తుంది. అంటే నా రైలు టికెట్‌లో కొంత భాగం ఎక్కడో ఒక షాపువాడు కరెంటు బిల్లులో కడుతున్నాడు. ఆయనకది తెలియదు, నాకూ మొన్నటిదాకా తెలియదు.

బొగ్గు మీద ఇంకో సంగతి. 2010లో టన్నుకి 50 రూపాయల సెస్సుతో మొదలుపెట్టి 2016కల్లా 400 చేశారు. యూనిట్ కరెంటుకి దాదాపు 700 గ్రాముల బొగ్గు అనుకుంటే, యూనిట్‌కి 28 పైసలు. 2025 సెప్టెంబర్‌లో ఆ సెస్సు తీసేసి జీఎస్టీ 5 నుంచి 18 శాతం చేశారు. సరే, బొగ్గు మీద పన్ను ఉంది కదా, బొగ్గు తన ఖర్చు తనే భరిస్తోందా అంటే అదీ కాదు. బూడిద చెరువుల పక్క ఊళ్ళలో దగ్గుకీ, ఆయాసానికీ అయ్యే ఆసుపత్రి ఖర్చు ఏ టారిఫ్ ఆర్డర్‌లోనూ లైన్ ఐటమ్‌గా రాదు. దాన్ని ఆ ఊరివాళ్ళు జేబులోంచి పెట్టుకుంటారు.

మిగతావి మాత్రం తక్కువ తిన్నాయా?

జలవిద్యుత్తు అన్నిటికన్నా చౌక అంటారు. మాకు దోర్నాల మీదుగా వెళ్తే శ్రీశైలం దగ్గరే. ఆ డ్యాము కింద వంద పైచిలుకు ఊళ్ళు మునిగిపోయాయి. 1981లో జనాన్ని ఖాళీ చేయించిన తీరు గురించి ఆ పక్క పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. ఆ చౌక యూనిట్‌లో వాళ్ళ పొలాల ఖరీదు ఎంత వేశారు?

గ్యాసు సంగతి చూడండి. కేజీ బేసిన్‌లో గ్యాసు పడింది, ఇక మనకి తిరుగులేదనుకుని గోదావరి జిల్లాల్లో వేల కోట్లతో ప్లాంట్లు కట్టారు. 2009లో డీ6 నుంచి గ్యాసు మొదలైంది, రెండు మూడేళ్ళకే తగ్గిపోయింది. ప్లాంట్లు ఏళ్ళ తరబడి ఖాళీగా నిలబడ్డాయి. వాటికిచ్చిన అప్పుల్లో చాలా భాగం ప్రభుత్వ బ్యాంకులకి మొండి బకాయిలయ్యాయి. ఆ బ్యాంకుల్ని నిలబెట్టడానికి కేంద్రం పెట్టిన డబ్బు బడ్జెట్లో "కరెంటు సబ్సిడీ" అన్న పేరుతో ఉండదు. కానీ అది అదే.

అణు విద్యుత్తుకి 2010లో చట్టం తెచ్చినప్పుడు, ప్రమాదం జరిగితే ఆపరేటర్ కట్టాల్సింది 1500 కోట్లు మించకూడదని హద్దు పెట్టారు. ఆ పైన జరిగే నష్టం జనం మీదే కదా. అంత పెద్ద ఇన్సూరెన్స్ ప్రీమియం లేకుండా వచ్చినట్టే.

ఇక సోలార్, విండ్. నాకు ఇష్టమైనవి కాబట్టి వదిలేస్తాననుకోకండి. మన రాష్ట్రంలో 2015 ప్రాంతంలో గాలి కరెంటుని యూనిట్ 4.84కి పాతికేళ్ళ పాటు కొంటామని ఒప్పందాలు రాసుకున్నారు. 2019లో కొత్త ప్రభుత్వం వచ్చి అంత ఇవ్వం, 2.43కి దిగమంది. కంపెనీలు కోర్టుకెళ్ళాయి, 2022లో హైకోర్టు ఒప్పందం ధరే ఇవ్వాలంది. 2021 డిసెంబర్‌లో 7 వేల మెగావాట్ల సోలార్‌కి యూనిట్ 2.49 అని సెకితో ఒప్పందం చేసుకున్నారు, వ్యవసాయం కోసమని. దాని మీద నడిచిన వివాదాలు వేరే కథ. నేను చూసేది ఆ 2.49 అన్న అంకెని. ఆ ఒప్పందంలో రాజస్థాన్ ఎండని ఇక్కడిదాకా మోసే అంతర్రాష్ట్ర లైన్ల ఛార్జీ మాఫీ అన్న లెక్క కూడా ఉంది. మాఫీ అంటే లైను ఊరికే వచ్చిందని కాదు. మోత కూలి ఇంకొకరి బిల్లులో పడిందని. సాయంత్రం ఏడింటికి సూర్యుడు పోయాక అందరూ ఏసీలు వేసుకున్నప్పుడు ఇచ్చే కరెంటు ఖరీదు కూడా అందులో లేదు.

ఇంత చెప్పింది ఎందుకంటే, ఏ కరెంటూ తన అసలు ధర చెప్పదు. బొగ్గు దాస్తుంది, నీరు దాస్తుంది, ఎండ కూడా దాస్తుంది. అలాంటప్పుడు ఒక్క రైతు మోటరు మాత్రమే "సబ్సిడీ" అని పిలిపించుకోవడం అన్యాయం. అయితే రైతు మోటరు లెక్క దాచడం వల్ల ఎక్కువ నష్టపోయింది ఎవరు అంటే... రైతే. నాకిది మా ఇంట్లోనే అర్థమైంది.

2004 మే 14న వైయస్ ప్రమాణ స్వీకారం చేసి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టినప్పుడు నాకు ఆరేళ్ళు. మా మార్కాపురం పలకలకి పేరు కదా, నేను పలక మీద ఒంట్లు దిద్దుతుండేవాణ్ణి. మా నాన్న కూడా ఆ పలక మీదే కౌలు లెక్క, మందుల లెక్క వేసేవాడు. అంతకుముందు 1983లో రామారావుగారొచ్చాక హెచ్‌పీకి ఏడాదికి 50 రూపాయలు అన్న పద్ధతి పెట్టారు. అప్పటినుంచే పంపుసెట్లకి మీటరు అక్కర్లేకుండా పోయింది. ఆ తర్వాత రేట్లు పెరగడం, 1998 సంస్కరణల చట్టం, విద్యుత్ బోర్డుని ముక్కలు చెయ్యడం, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు, ప్రాణాలు పోవడం... ఇవన్నీ అయ్యాక 2004లో ఆ సంతకం వచ్చింది. ఆ రోజు మా ఊళ్ళో జనం మొహాలెలా ఉన్నాయో నాన్న ఇప్పటికీ చెప్తాడు. కరెంటు బాకీల కోసం కనెక్షన్లు పీకేసిన రోజులు చూసినవాళ్ళు వాళ్ళు. ఆ ఊరటని బెంగుళూరు క్యాబ్‌లో కూర్చుని తక్కువ చెయ్యడం నావల్ల కాదు.

అయితే ఆ తర్వాత మా పలక మీద కరెంటు అన్న గీత లేకుండా పోయింది. దాని బదులు ఇంకో గీత పెరిగింది. బోరు.

మొదటి బోరులో రెండొందల అడుగుల లోపే నీళ్ళు. కొన్నేళ్ళకి ఎండింది. రెండోది ఇంకా లోతు. మూడోది పొడి దుమ్ము. నాలుగోది ఇప్పుడు నడుస్తోంది, ఆరొందల అడుగులు దాటింది. రిగ్గు, కేసింగు పైపు, మోటరు, కేబులు అన్నీ అప్పే. మధ్యలో వోల్టేజీ పడిపోయి మోటరు కాలితే వైండింగు ఖర్చు వేరే. నా ఇంజనీరింగ్ ఫీజు కన్నా ఆ నాలుగు బోర్లకి అయిందే ఎక్కువ. "ఫ్రీ" కరెంటు కోసం మా ఇల్లు పెట్టిన ఖర్చు ఇది.

మనం ఇంజనీర్లం కదా, లెక్క వేద్దాం. వెయ్యి లీటర్ల నీళ్ళని 300 అడుగులు పైకి తేవడానికి ఫిజిక్స్ ప్రకారం పావు యూనిట్ చాలు. మా పంపుల సామర్థ్యం 35 శాతం అనుకుంటే 0.7 యూనిట్. 600 అడుగులైతే 1.4. అంటే నీళ్ళు రెట్టింపు లోతుకి పోతే అవే నీళ్ళకి కరెంటు రెట్టింపు. ఐదు హెచ్‌పీ మోటరు రోజుకి 9 గంటలు, ఏడాదిలో 120 రోజులు ఆడితే తక్కువలో తక్కువ 4 వేల యూనిట్లు. యూనిట్ ఖర్చు ఏడు రూపాయలు అనుకుందాం. దాదాపు 28 వేలు. ఇది మా ఇంటికి ప్రభుత్వం ఏడాదికి ఇస్తున్న సొమ్ము. మా నాన్నకి ఈ అంకె చెప్తే నమ్మలేదు.

"ఇరవై ఎనిమిది వేలా? ఎవుడు చెప్పాడ్రా నీకు?"

"ఎవరూ చెప్పలేదు నాన్నా, నేనే లెక్కేశా."

"అంత డబ్బు నా చేతికిస్తే ఈ మిరప ఎందుకేస్తాను? కంది ఏసుకుని, ఉన్న నీళ్ళతో ఒక తడి ఇచ్చుకుని ఉండేవోణ్ణి గదా."

ఈ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎకనామిక్స్ పుస్తకం చెప్పాల్సింది మా నాన్న అరుగు మీద కూర్చుని చెప్పేశాడు. డబ్బు కరెంటు రూపంలో వస్తే దాన్ని నీళ్ళుగానే మార్చుకోవాలి, వేరే దారి లేదు. అందుకే అందరం ఆటో స్టార్టర్లు పెట్టాం. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటరు దానంతటదే ఆడుతుంది, చేను తడిసినా ఆడుతుంది. ఒకప్పుడు రాత్రిపూట త్రీఫేజ్ ఇచ్చే రోజుల్లో పాములకీ షాకులకీ భయపడి పెట్టుకున్నది అది. తప్పు పట్టలేం. కానీ పక్కవాడు ముందు తోడితే మన బోరు ఎండుతుంది కాబట్టి, ఆపినవాడే వెర్రివాడవుతాడు.

ఇంకో మాట. మా వీధి చివర ఒకాయనకి బోర్లు మూడూ పోయాయి. ఇప్పుడు వానమీద ఆధారపడి సజ్జ, కంది వేస్తాడు. ఆయనకి ఉచిత కరెంటు పథకం కింద వచ్చేది ఎంత? సున్నా. బోరు ఎప్పుడూ వెయ్యలేని కౌలు రైతుకి? సున్నా. ఎక్కువ లోతు బోరు, పెద్ద మోటరు ఉన్నవాడికి ఎక్కువ సబ్సిడీ. రైతులకిచ్చే సాయం అని మనం అంటున్నది నిజానికి నీళ్ళున్న రైతులకిచ్చే సాయం. లెక్క అచ్చేసి గోడ మీద అతికిస్తే ఈ తేడా ఊరందరికీ ఒక్క రోజులో అర్థమయ్యేది.

అన్నట్టు, కరెంటు అస్సలు లేకుండా నీళ్ళిచ్చే పద్ధతులు మాకు తెలియనివి కావు. రైల్లో వస్తుంటే కంభం దగ్గర చెరువు ఉంది, విజయనగర కాలం నాటిది, కొండల మధ్య కట్టవేసి పల్లానికి పారించారు. అలాగే వెలిగొండ. శ్రీశైలం నీళ్ళని నల్లమల కింద దాదాపు 18.8 కిలోమీటర్ల సొరంగాల్లోంచి మోటర్లు లేకుండా మా పడమటి మండలాలకి తేవాలన్నది ఆలోచన. 1996లో శంకుస్థాపన. 2024 మార్చిలో సొరంగాలు పూర్తయ్యాయని ప్రారంభోత్సవం చేశారు, అప్పటికి పొలాలకి నీళ్ళు పారే పరిస్థితి లేదు. ఆ ఇరవై ఎనిమిదేళ్ళ ఆలస్యానికి కూడా కరెంటు బిల్లు ఉంది. మా బోర్లన్నీ ఆ బిల్లే.

సరే, మరి మీటర్లు పెడితే పోలా అంటారా? 2020లో మన రాష్ట్రంలో అదే మొదలుపెట్టారు. శ్రీకాకుళంలో ముందు ప్రయత్నించారు. మీటరు పెడతాం, బిల్లు డబ్బు రైతు ఖాతాలో వేస్తాం, అక్కణ్ణుంచి డిస్కంకి పోతుంది అన్నారు. కేంద్రం అదనపు అప్పుకి పెట్టిన షరతుల్లో కరెంటు సంస్కరణలు కూడా ఉండటంతో జనానికి అనుమానం ఇంకా పెరిగింది. తెలంగాణ అప్పట్లో ససేమిరా అంది. మా ఊళ్ళో కూడా మీటరంటే ఉరితాడన్నట్టే మాట్లాడారు.

నేను నాన్నతో వాదించాను. మీటరు పెడితే తప్పేంటి, లెక్క తెలుస్తుంది కదా అని. ఆయన ఒక్కటే అన్నాడు.

"ఇయాళ చీటీ ఇస్తారు. రేపు బిల్లు ఇస్తారు. గ్యాసు బండకి అట్టా చెయ్యలా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. నిజంగానే అలా జరిగింది కాబట్టి. 2015లో గ్యాసు సబ్సిడీ బ్యాంకు ఖాతాలో వెయ్యడం మొదలైనప్పుడు నాలాంటివాళ్ళం శభాష్ అన్నాం, దొంగ కనెక్షన్లు పోతాయి, లెక్క కనపడుతుంది అని. కనపడింది. 2020 మే తర్వాత చాలామందికి ఖాతాలో పడేది చప్పుడు లేకుండా ఆగిపోయింది. లెక్క కనపడితే మేలు జరుగుతుందని నేను, లెక్క కనపడితే కత్తిరిస్తారని ఆయన. అనుభవం ఆయన పక్కనే ఉంది.

అయినా నా మాట మీద నేను నిలబడతాను, ఎందుకంటే దాచిన సబ్సిడీని కూడా కత్తిరిస్తారు. జీవో రాకుండా కత్తిరిస్తారు, అంతే. ప్రభుత్వం సబ్సిడీ ప్రకటిస్తే డబ్బు ముందుగా కట్టాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెప్తోంది. ఆ డబ్బు ఆలస్యమైతే డిస్కం అప్పు చేస్తుంది. అప్పుకి వడ్డీ. వడ్డీ పెరిగితే కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కి డబ్బుండదు. అప్పుడు వోల్టేజీ పడిపోతుంది, మోటరు కాలుతుంది, రైతు వైండింగుకి కడతాడు. 2016లో ఉదయ్ పథకం కింద డిస్కంల అప్పుల్లో పెద్ద భాగం రాష్ట్రం నెత్తినేసుకుంది, అంటే అందరి నెత్తిన. పట్నంలో ఇంటి బిల్లులో ట్రూ-అప్ అనీ, ఇంధన సర్దుబాటు అనీ కొత్త గీతలు వచ్చి చేరతాయి. అందరూ కడుతూనే ఉన్నారు. ఎవరు దేనికి కడుతున్నారో మాత్రం తెలియదు.

నా బుర్రకి తోచింది చెప్తాను.

ఒకటి, మీటరు రైతు మోటరుకి అక్కర్లేదు, ముందు ట్రాన్స్‌ఫార్మర్‌కి పెట్టండి. అక్కడ పదిమందికీ కలిపి లెక్క వస్తుంది, ఎవరి మెడకీ చుట్టుకోదు. ఏడాదికోసారి ఊరి సచివాలయం గోడ మీద అతికించండి: ఈ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇన్ని యూనిట్లు, ఇంత ఖర్చు, ఇంత ప్రభుత్వం కట్టింది, ఇంత ఇంకా కట్టలేదు. ఆఖరిది ముఖ్యం.

రెండు, ఇదే చీటీ అందరికీ ఇవ్వండి. నా రైలు టికెట్ మీద ఉన్నట్టు నా గృహజ్యోతి బిల్లు మీద, ఫ్యాక్టరీకిచ్చే రాయితీ మీద, మేడ మీద సోలార్ పెట్టుకుంటే కేంద్రం ఇచ్చే 78 వేల మీద. మన ఐటీ కంపెనీలు 2011 మార్చి దాకా ఎగుమతుల లాభం మీద పన్ను మినహాయింపు తిన్నాయి. మన జీతాలు పెరిగిన కాలం అదే. మన ఐడీ కార్డు వెనక అది అచ్చేసి ఉంటే క్యాబ్‌లో మాటలు కొంచెం తగ్గేవేమో.

మూడు, మిగిల్చిన నీళ్ళకి ధర ఇవ్వండి. గుజరాత్‌లో ఖేడా జిల్లా ఢుండి అనే ఊళ్ళో 2016 నుంచి సోలార్ పంపులున్న రైతులు సహకార సంఘంగా చేరి, వాడని కరెంటుని గ్రిడ్‌కి అమ్ముకున్నారు. ఇది లేకుండా ఊరికే సోలార్ పంపులు పంచితే ఇంకా ప్రమాదం, ఎండ ఉన్నంతసేపు ఎవరూ అడగకుండా తోడేస్తాం. అమ్ముకునే వీలుంటే మోటరు కట్టెయ్యడం కూడా ఒక పంటే. పగటిపూట 9 గంటలు వ్యవసాయానికి ఇచ్చే రాష్ట్రంలో ఎండకీ చేనుకీ టైమింగ్ ఎలాగూ కుదురుతుంది.

నాలుగు, బోరు లేనివాడికి కూడా అంత సొమ్ము ఎకరానికింత అని ఇవ్వండి. 2018లో తెలంగాణ ఎకరానికి సీజనుకి 4 వేలు ఇచ్చి చూపించింది, ఖాతాల్లో డబ్బు వెయ్యడం చేతకానిదేం కాదు. అందులో కౌలు రైతుని వదిలేసిన తప్పు మాత్రం మనం చెయ్యొద్దు.

ఇవన్నీ నాన్నకి ఫోన్లో చెప్పాను. అంతా విని, "గోడ మీద అతికిస్తే అతికించనీ. గవర్నమెంటు ఎంత బాకీ ఉందో గూడా రాస్తారన్నావు గదా, అది బాగుంది" అన్నాడు. మోటరు దగ్గర మీటరుకి మాత్రం ఒప్పుకోలేదు. ఒప్పుకోమని నేనూ బలవంతపెట్టలేదు, గ్యాసు బండ సంగతిలో ఆయన చెప్పిందే నిజమైంది కదా.

ఈసారి క్యాబ్‌లో ఆ టాపిక్ వస్తే స్టాపు వచ్చినా దిగను. ముందు ఆయన సున్నా బిల్లు తియ్యమంటాను, పక్కన నా రైలు టికెట్ పెడతాను, మధ్యలో మా నాలుగు బోర్ల లెక్క రాస్తాను. మీ ఇంట్లో ఎన్ని బోర్లు ఎండాయి? మీ బిల్లులో ఎన్ని గీతలు మీకు అర్థమవుతున్నాయి? చెప్పండి, నా లెక్కలో తప్పుంటే దిద్దండి. పలక మీద రాసిందే కదా, తుడిచి మళ్ళీ వేద్దాం.